దేశమంతటికీ మెడనొప్పే

ఆన్‌లైన్ అంగళ్ళు చూస్తుంటే ఈ దేశానికి ఇంత మెడనొప్పి ఎప్పుడు పట్టుకుందా అని దిగులేస్తుంది. అరచేతిలో ఇమిడే గులాబీ రంగు మసాజర్. పదిరకాలుగా వణుకుతుందట, నీళ్ళలో పడ్డా చెడదట, చప్పుడు అసలే చెయ్యదట. బొమ్మలో ఒకావిడ దాన్ని మెడకు ఆనించుకుని అరమోడ్పు కన్నులతో కూర్చుని ఉంటుంది. మెడనొప్పి తగ్గించేదానికి చప్పుడుతో పనేమిటి? కోడలి మెడనొప్పి పక్కగదిలో అత్తగారికి వినపడితే ఏం కొంప మునిగింది? లోపలున్నదేమిటో పార్సిల్ మీద రాయబోమని ఒట్టు పెట్టడం దేనికి? అమృతాంజనం సీసాకు ఇంత మర్యాద ఎవరూ చెయ్యలేదే! అది వైబ్రేటర్ అని అమ్మేవాడికి తెలుసు, కొనేవాళ్ళకు తెలుసు, గుమ్మం దాకా తెచ్చిచ్చే కుర్రాడికీ తెలుసు. తెలియనట్టు నటిస్తున్నది ఆ అట్టపెట్టె ఒక్కటే. నటిస్తే నటించింది, దాని నీతితో నాకు పేచీ లేదు. పేచీ ఎక్కడంటే, మెడకని రాసిన పెట్టెలో మెడకు సంబంధించిన సూచనలే ఉంటాయి. అసలు చోట వాడితే ఏం జరుగుతుందో, ఏం జరగదో, దేనితో కడగాలో, ఎప్పుడు ఆపాలో చెప్పే కాగితం ఉండదు. అబద్ధపు పేరు పెట్టిన వస్తువుకు నిజమైన సూచనలు రాయడం కుదరదు మరి.

ఈ నాటకం మనం కనిపెట్టింది కాదు. జపాన్‌లో హిటాచీ కంపెనీ 1960లలో నడుంనొప్పులకని తెచ్చిన మేజిక్ వాండ్‌ను అమెరికా ఆడవాళ్ళు నడుముకు తప్ప అన్నిటికీ వాడారు. ఆ ఖ్యాతి భరించలేక కంపెనీ 2013లో దానిమీంచి తన పేరు తీయించేసుకుంది. మన దగ్గర అమ్మేవాడిని పూర్తిగా తప్పుపట్టడానికీ లేదు. చట్టం భయం ఉంది: వెనకటి ఐపీసీ 292వ సెక్షన్, 2024 జూలై నుంచి భారతీయ న్యాయ సంహితలో 294. అశ్లీలమైన పుస్తకం గానీ, బొమ్మ గానీ, మరే వస్తువు గానీ అమ్మితే మొదటిసారికి రెండేళ్ళ దాకా జైలు. సెక్స్ టాయ్ అన్న మాట అందులో లేదు. ‘మరే వస్తువు గానీ’ అన్న సందులో ఏదైనా దూరుతుంది. సొంతానికి బీరువాలో దాచుకున్నవాళ్ళ జోలికి ఆ సెక్షన్ రాదు, దాని గురి అమ్మకం మీద. దిగుమతికి 1964 నాటి కస్టమ్స్ నిషేధం వేరే ఉంది. దాని కింద బాడీ మసాజర్లను ఆపేసి, ఇవి వేరే పనికి కూడా వాడొచ్చు కదా అని కస్టమ్స్ కమిషనర్ అంటే, అది కమిషనర్ గారి ఊహ అని 2024లో బొంబాయి హైకోర్టు తేల్చింది. మంచి తీర్పే. అయితే గెలిచినది వస్తువు కాదు, మసాజర్ అన్న పేరు. మెడనొప్పికి హైకోర్టు దన్ను కూడా దొరికింది.

ఊహల మాట వచ్చింది కాబట్టి టెక్సాస్ సంగతి చెప్పి తీరాలి. అక్కడి చట్టం ఒకప్పుడు ఇలా ఉండేది: ఇలాంటి వస్తువులు ఆరో, అంతకంటే ఎక్కువో దగ్గరుంటే, అవి అమ్మకానికే ఉంచుకున్నారని భావించబడును. అంటే ఐదుంటే గృహస్థు, ఆరుంటే వ్యాపారి. ఈ ఆరు ఎక్కడినుంచి వచ్చిందో ఎంత ఆలోచించినా అంతు చిక్కదు. అరటిపళ్ళు అరడజను అడిగినవాణ్ణి పళ్ళ వ్యాపారి అనం. అటక మీద ఆరు ఆవకాయ జాడీలున్న ఇల్లాలిని ఎవరూ జీఎస్టీ కట్టమనరు. పోనీ లెక్కనే గౌరవిద్దామన్నా సందేహాలు తీరవు. మొగుడికీ పెళ్ళానికీ కలిపి ఐదా, చెరి ఐదా? చార్జింగ్ ఎక్కక మూలపడింది లెక్కలోకి వస్తుందా? రిమోట్‌ను విడిగా ఎంచుతారా? ఐదింటితో గుట్టుగా కాపురం చేసుకుంటున్నవాళ్ళకు పెళ్ళిరోజున ఎవరో స్నేహితులు ఒకటి బహూకరిస్తే, కేకు కోసే వేళకు నేరస్థులైపోవడమేనా? సోదాకు వస్తున్నారని తెలిసి, “వదినగారూ, ఇదొక్కటి ఈ పూటకి మీ ఇంట్లో ఉంచండి” అని పక్కింటికి పరిగెత్తితే, “అయ్యో, మాకూ ఐదున్నాయండీ” అని ఆవిడంటే గతేమిటి? 2008లో ఫెడరల్ అప్పీలు కోర్టు ఆ నిషేధాన్ని కొట్టేసింది కాబట్టి ఈ ప్రశ్నలకు జవాబులు లేకుండా పోయాయి. అలబామాలో మాత్రం 1998 నాటి అమ్మకం నిషేధం ఉంది. దానికి మినహాయింపుల్లో వైద్య, విజ్ఞాన, విద్యా అవసరాలే కాదు, శాసనసభా అవసరాలు కూడా ఉన్నాయి! ఆ చివరి అవసరమేమిటో ఏ శాసనసభ్యుడూ వివరించినట్టు లేదు. మొత్తానికి అక్కడా వైద్యం పేరు చెప్పుకోవలసిందే. అదే మెడనొప్పి, సముద్రాలు దాటింది.

సరే, పెట్టె చెప్పని సంగతులకు వద్దాం. ప్రకటనలు పొడవు, లావు, వేగం అంటూ బోరు మోటార్ల భాష మాట్లాడతాయి. ఆడవాళ్ళ విషయంలో ఈ లెక్క చాలావరకు తప్పుదారి. అమెరికాలో వెయ్యిమందికి పైగా స్త్రీలను అడిగిన 2017 నాటి సర్వేలో, ఒక్క సంభోగంతోనే భావప్రాప్తి కలుగుతుందన్నవాళ్ళు 18.4 శాతమే. క్లిటోరిస్‌కు స్పర్శ అందనిదే జరగదన్నవాళ్ళు 36.6 శాతం. కాబట్టి బయట ఆనించి వాడే చిన్న వైబ్రేటర్ చాలామందికి అక్కరకొస్తుంది. లోపలికి వాడే పొడుగాటివే అంతా చేసేస్తాయని ఆశపడితే డబ్బు దండగ. 2014లో జర్మనీలో పుట్టిన గాలి ఒత్తిడి రకం కొందరికి బ్రహ్మాండం, కొందరికి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. ఏదైనా మొదటిరోజే ఆకాశంలో తేలిస్తుందని అనుకోకండి, తన ఒంటికి ఏ వేగం సరిపడుతుందో తెలియడానికే నాలుగైదు సార్లు పడుతుంది. చప్పుడు చెయ్యదంటే మిక్సీ అంత చెయ్యదని అర్థం. మగవాళ్ళ కోసం మెత్తటి గొట్టంలా చేసే స్లీవ్‌లు సుఖం ఇచ్చే మాట నిజమే, కానీ వాడిన సమయానికి ఎన్నో రెట్లు కడిగి ఆరబెట్టడానికి పోతుంది. ఆరకుండా డబ్బాలో పెడితే బూజు పడుతుంది. అంగానికి తొడిగే రింగులు రక్తాన్ని వెనక్కి పోనివ్వకుండా పట్టి ఉంచుతాయి. అరగంట మించకూడదు, తిమ్మిరెక్కితే ఆ క్షణమే తీసెయ్యాలి, పెట్టుకుని నిద్రపోతే ఆస్పత్రే. మలద్వారంలో వాడేదానికి అడుగుభాగం వెడల్పుగా ఉండి తీరాలి. యోనికి లోపల గర్భాశయ ముఖం అడ్డుంటుంది, పేగుకు అలాంటి అడ్డు లేదు, జారింది జారినట్టే పైకి పోతుంది. ఇలాంటివి బయటికి తీసి తీసి విసిగిన ఒక స్వీడన్ సర్జన్ చొరవతోనే 2021లో ఈ వస్తువులకు ఐఎస్ఓ 3533 అనే అంతర్జాతీయ ప్రమాణం వచ్చింది.

పదార్థం సంగతి ఇంకా ముఖ్యం. చవకగా మెత్తగా దొరికే జెల్లీ రకాల్లో మెత్తదనానికి థాలేట్లనే రసాయనాలు కలుపుతారు, పైగా వాటికి కంటికి కనపడని రంధ్రాలు. ఎంత కడిగినా సూక్ష్మజీవులు లోపలే కాపురముంటాయి. అసలైన సిలికాన్, స్టీలు, గట్టి గాజు నయం. మోటారు లేనివైతే మరిగే నీళ్ళలో వేసుకోవచ్చు. సిలికాన్ వస్తువుకు సిలికాన్ జెల్ రాస్తే పైపొర పాడవుతుంది. మనింటి కొబ్బరినూనె రాస్తే లేటెక్స్ కండోమ్ చిరుగుతుంది. నీళ్ళతో చేసిన జెల్ దేనికైనా సరిపోతుంది, త్వరగా ఆరిపోతుందన్న బాధ తప్ప. ఇక్కడ మన సంస్కృతి మాటేమిటని పెద్దలు గొంతు సవరించుకుంటారు. సంస్కృతినే అడుగుదాం. వాత్స్యాయనుడు కామసూత్రాల ఏడో అధికరణంలో వీటిని అపద్రవ్యాలని పేరు పెట్టి మరీ చెప్పాడు. దేనితో చెయ్యాలో కూడా చెప్పాడు: బంగారం, వెండి, రాగి, ఇనుము, ఏనుగు దంతం, కొమ్ము, కొయ్య. తగరం, సీసంతో చేసినవి మెత్తగా చల్లగా ఉంటాయన్న బాభ్రవీయులనే పూర్వాచార్యుల మాట కూడా ఎత్తి రాశాడు. సీసం విషయంలో ఆ పెద్దల మాట వినకండి గానీ, సరుకు దేనితో చేసిందో ఆయన రాశాడు, మనవాళ్ళు రాయడం లేదు, తేడా అదీ. రెండో అభ్యంతరం మొగుళ్ళది, తమ ఉద్యోగం ఊడుతుందని. మిక్సీ వచ్చాక వంటమనిషి అక్కర్లేకపోయిందా? అలవాటైపోయి మొద్దుబారిపోతుందనేది మూడోది. 2009లో అచ్చయిన అమెరికా జాతీయ సర్వేలో వైబ్రేటర్ వాడిన స్త్రీలలో 71.5 శాతం, దానివల్ల మర్మాంగాల దగ్గర ఏ ఇబ్బందీ ఎన్నడూ రాలేదన్నారు. కాసేపు తిమ్మిరనిపిస్తే అది తగ్గేదాకా పక్కన పెడితే సరి. అన్నట్టు అదే ఏడాది మగవాళ్ళను అడిగితే వాళ్ళలోనూ 44.8 శాతం వాడామన్నారు. ఉద్యోగ భయం అక్కడ అంతగా ఉన్నట్టు లేదు.

నవ్వుకోవడానికి బాగానే ఉంది గానీ, కావ్యంలో శృంగారం, కోర్టులో సంభోగం, వీధిలో బూతు ఉన్న మన భాషలో పడగ్గదిలో మాట్లాడుకోవడానికి మాట లేదు. ఉన్న మాటల్నీ దాచాం. కవయిత్రి ముద్దుపళని రాసిన రాధికా సాంత్వనాన్ని బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో అచ్చువేయిస్తే, ఇదే అశ్లీలం పేరు చెప్పి ప్రభుత్వం నిషేధించింది. 1947లో ప్రకాశం పంతులుగారి చలవతో గానీ ఆ నిషేధం పోలేదు. మాటే లేనప్పుడు బాధ చెప్పుకోవడం ఎలా? ముట్లుడిగాక చాలామందికి యోని పొడిబారుతుంది, కలయిక నొప్పెడుతుంది. షుగరు ముదిరిన మగవాడికి అంగం స్తంభించకపోవచ్చు. జెల్ సీసాతోనో, ఒక చిన్న వస్తువుతోనో, డాక్టరుతో ఒక్క మాటతోనో తేలికపడే బాధలు వీటిలో ఎన్నో ఉన్నాయి. ఆ మాట నోరు దాటక, నడుంనొప్పని ఆవిడా, గురక పడదని ఆయనా చెరో గదిలో పడుకున్న ఇళ్ళు ఎన్ని ఉంటాయో.

అందుకని అమ్మేవాళ్ళకు ఒక విన్నపం. అసలు పేరు రాయడానికి భయమైతే మసాజర్ అనే రాసుకోండి. లోపల మాత్రం తెలుగులో ఒక కాగితం పెట్టండి. దేనితో చేశారు, దేనితో కడగాలి, ఏ జెల్ పనికిరాదు, ఎప్పుడు ఆపాలి అన్న నాలుగు ముక్కలు చాలు. మెడ గురించి మీరేమీ రాయనక్కర్లేదు, మాకు అమృతాంజనం ఉంది.