గోబర్ గ్యాస్ ప్లాంటును చంపే సలహాలు

కోత మిషన్ పొలం దాటగానే ఊళ్లో సలహాలు మొదలవుతాయి. ‘గడ్డి తగలబెట్టొద్దంటున్నారుగా, పెరట్లో గోబర్ గ్యాస్ ప్లాంటు ఉందిగా, అందులో పడెయ్. కుళ్లేదేదైనా గ్యాసే’ అని. గడ్డి తగలబెట్టకూడదన్న మాట నూటికి నూరుపాళ్లూ నిజం. తక్కినది వింటే ప్లాంటు మూలపడుతుంది.

వరిగడ్డిలో పీచు గట్టిది, సిలికా ఎక్కువ. అందులోని లిగ్నిన్‌ను గాలి తగలని చోట బతికే సూక్ష్మజీవులు దాదాపు ముట్టవు. ఒక పాలు నత్రజనికి 20 నుంచి 30 పాళ్ల కార్బన్ ఉంటేనే అవి చురుగ్గా పనిచేస్తాయి. వరిగడ్డిలో కార్బన్ అంతకు చాలా ఎక్కువ. పైగా ఎండుగడ్డి మునగదు. పైకి తేలి, పేడతో కలిసి తెట్టు కడుతుంది. ఆ తెట్టు రోజురోజుకీ మందమై చాపలా బిగుసుకుంటుంది. కింద పుట్టిన గ్యాసు పైకి రాలేదు. పొయ్యి మీద మంట సన్నబడుతుంది, ఔట్‌లెట్‌లో స్లర్రీ కదలదు. పైన తేలే డ్రమ్ము ఉన్న రకమైతే ఆ డ్రమ్మును అటూ ఇటూ తిప్పి తెట్టు పగలగొట్టుకోవచ్చు. దీనబంధు రకంలో డోము నేలలోనే కట్టేసి ఉంటుంది కాబట్టి ఆ వీలు లేదు.

గడ్డి వేయాలనే ఉంటే చాఫ్ కట్టర్‌లో రెండు మూడు సెంటీమీటర్ల ముక్కలు చేసి, ప్లాంటు నుంచి వచ్చిన స్లర్రీలోనే కొన్నాళ్లు నానబెట్టి, మెత్తబడ్డాక పేడలో కొద్దికొద్దిగా కలపండి. నన్నడిగితే మాత్రం ముందు పశువుకు వేయమంటాను. నమిలి అరిగించే పని అదే చేసిపెడుతుంది, గ్యాసు పుట్టించే జీవులు కూడా పేడతోనే వస్తాయి. పత్తి కట్టె జోలికి అసలు పోవద్దు.

‘గ్యాసు తగ్గితే కుళ్లిన టమాటాలు, గంజి, మిగిలిన అన్నం బాగా దట్టించు’ అనేవారూ ఉన్నారు. ఒక్కసారిగా వేస్తే లోపల పులిసిపోతుంది. ఆ పులుపుకు మీథేన్ చేసే జీవులు తట్టుకోలేవు. అలా పులిసిన ప్లాంటుకు మేత ఆపి, తేరుకున్నాక పేడ, నీళ్లు సమపాళ్లలో కలిపి కొద్దికొద్దిగా మొదలుపెట్టాలి. హైదరాబాద్ బోయినపల్లి మార్కెట్‌లో రోజుకు 10 టన్నుల దాకా కూరగాయల వ్యర్థంతో గ్యాసు, కరెంటు తీస్తున్నారు కదా అంటారు. అది ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీ (ఐఐసీటీ) శాస్త్రవేత్తలు ప్రత్యేకంగా రూపొందించిన రియాక్టర్. మన పెరటి గొయ్యిని దానితో పోల్చకూడదు.

కొట్టంలో ఫినాయిల్ చల్లి కడిగిన నీళ్లు, యాంటీబయాటిక్ సూదులు వేసిన పశువు పేడ ప్లాంటులోకి పోనివ్వకండి. పైపు లీకేజీని అగ్గిపుల్లతో చూడమనే మాట వినకండి, సబ్బు నురగ చాలు. స్లర్రీ దండగ అని కాలవలోకి వదిలేవారిని చూస్తే కడుపు మండుతుంది. పేడలోని నత్రజని, భాస్వరం, పొటాష్ దాదాపు అంతా అందులోనే ఉంటాయి.

ఎకరాల కొద్దీ మిగిలే గడ్డికి పెద్ద ప్లాంట్లే కావాలి. పంజాబ్‌లోని సంగ్రూర్ జిల్లా లెహ్రాగాగాలో 2022లో మొదలైన ప్లాంటు వరిగడ్డి నుంచే కంప్రెస్డ్ బయోగ్యాస్ తీస్తోంది. మన దగ్గరా గడ్డిని బేళ్లు కట్టించి అలాంటి చోటికి చేర్చే ఏర్పాటు కోసం రైతులు కలిసి అడగాలి.

అన్నిటికన్నా ఘోరమైన సలహా చివరికి చెబుతున్నాను. ‘తెట్టు కట్టిందా, ఔట్‌లెట్ నుంచి ఎవరినైనా దించి తీయించు, ఐదు నిమిషాల పని’ అంటారు. లోపల ప్రాణవాయువు ఉండదు, మీథేన్, హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటాయి. హైడ్రోజన్ సల్ఫైడ్ మోతాదు పెరిగితే ముక్కుకు వాసన కూడా తెలియదు. ఒకరు పడిపోతే కాపాడబోయిన రెండోవారూ పడిపోతారు. మీరు దిగకండి, కూలీని దించకండి. తగిన పరికరాలు, శిక్షణ ఉన్నవారిని పిలిపించండి. వాళ్లు వచ్చేదాకా ప్లాంటు ఆగిపోయినా పరవాలేదు.