నేను బైసన్‌ని కాను

పాపికొండల్లో వెదురాకు మేస్తూ పెరిగిన అడవిదున్నను నేను. దూడగా ఉన్నప్పుడు గోధుమరంగు, ఇప్పుడు బొగ్గునలుపు. నాలుగు కాళ్లకూ మోకాళ్ల దిగువన తెల్ల మేజోళ్లు తొడిగినట్టుంటుంది. వెయ్యి కిలోల దాకా తూగే జాతి మాది. వయసు మీరాక మంద విడిచి ఒంటరిగా తిరుగుతున్నాను.

పులి భయం నాకు పెద్దగా లేదు. నా బాధంతా పేరుతోనే. తుపాకులు భుజాన వేసుకుని వచ్చిన దొరలు నా వీపు మీది గూను చూసి కాబోలు, 'ఇండియన్ బైసన్' అన్నారు. అంతటితో ఆగారా? నేనుండే కొండలకే 'బైసన్ హిల్స్' అని పేరు పెట్టేశారు. ఇక్కడి కొండరెడ్లనే గిరిజనుల మీద మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ రాసి 1945లో అచ్చువేయించిన పుస్తకం పేరులోనూ ఆ మాటే ఉంది.

అసలు బైసన్‌లు అమెరికాలోనూ యూరప్‌లోనూ ఉంటాయి. వాటికి గడ్డం ఉంటుంది, మెడా భుజాలూ జూలుతో నిండి ఉంటాయి. నా ఒంటి మీద ఉన్నది పొట్టి నున్నటి వెంట్రుకే. తమాషా ఏమిటంటే, ఆ అమెరికా బైసన్‌కూ సొంత పేరు దక్కలేదు. అక్కడి జనం దాన్ని 'బఫెలో' అంటారు. 1913 నుంచి 1938 దాకా ముద్రించిన అయిదు సెంట్ల నాణెం మీద బొమ్మ బైసన్‌ది, జనం పిలిచిన పేరు 'బఫెలో నికెల్'. 2016లో ఆ జంతువును జాతీయ క్షీరదంగా ప్రకటించిన చట్టం మాత్రం బైసన్ అనే రాసింది. చట్టానికైనా తెలిసింది, సంతోషం! బఫెలో అంటే మీ దొడ్లో పాలిచ్చే గేదె, ఆఫ్రికాలో తిరిగే అడవి గేదె.

మీ తెలుగువాళ్లు మాత్రం తక్కువ తిన్నారా? దున్న అంటే గేదెపోతు. నేను ఆవుల వైపు చుట్టాన్ని, శాస్త్రజ్ఞులు రాసుకునే పేరు 'బాస్ గారస్'. అరుణాచల్, నాగాలాండ్ ఊళ్లలో పెంచే మిథున్ నా దగ్గరి బంధువు. అయినా మిమ్మల్ని తప్పు పట్టను. దున్న అని పిలిచినా, ముందు అడవి అని చేర్చారు కదా, ఆ మర్యాద చాలు.

ఇంగ్లీషులో నాకు సరైన పేరు లేకపోలేదు. 'గౌర్', మన దేశం నుంచే ఆ భాషకు వెళ్లిన మాట. మీ పిల్లల పుస్తకంలో నా బొమ్మ కింద బైసన్ అని కనిపిస్తే, పెన్సిల్‌తో కొట్టేసి గౌర్ అని రాయించండి.