విమానదూర వాక్యమునకు టీకా తాత్పర్యములు

మూలము: పుట్టపర్తి నుండి కడపకు విమానదూరము 113 కి.మీ., ప్రయాణకాలము 38 నిమిషములు.

అవతారిక: మూలంలో లేనిదేదీ రాయనని కొలిచెల్మ మల్లినాథసూరి ప్రతిజ్ఞ పట్టాడు. ఆయనకు కాళిదాసు దొరికాడు గనుక చెల్లింది. ఈ మూలంలో దూరం ఉంది, కాలం ఉంది, విమానమే లేదు. కాబట్టి ఈ టీకాకారుడికి ఆ నియమం వర్తించదు.

ప్రతిపదార్థము: పుట్టపర్తి నుండి = చిత్రావతి ఒడ్డున, 1990లో విమానాశ్రయం వెలసిన ఊరి నుండి; కడపకు = 2015లో కొత్త టెర్మినల్ తెరుచుకున్న పట్నానికి; విమానదూరము = భూగోళం మీద రెండు చోట్లను కలిపే అతి పొట్టి దారి, అనగా కొండలను, గేదెలను, స్పీడ్ బ్రేకర్లను లెక్కచేయనిది; 38 నిమిషములు = 8 + 30.

టీక: ఎనిమిది ఎక్కడిది? గంటకు 800 కి.మీ. చొప్పున 113 పోవడానికి పట్టేది. ముప్పై ఎక్కడిది? ఎక్కడానికి, దిగడానికి అని లెక్కలు కట్టేవారు ప్రతి ప్రయాణానికీ కలిపే దక్షిణ. ఢిల్లీకైనా అంతే, డోన్‌కైనా అంతే.

పూర్వపక్షము: ఆ 800 వేగం జెట్ విమానానికి 35,000 అడుగుల ఎత్తున కదా?

సమాధానము: ఔను. దిగేటప్పుడు వెయ్యి అడుగులకు మూడు నాటికల్ మైళ్లు కావాలని పైలట్ల వాడుక లెక్క. ఆ ప్రకారం దిగడానికే 190 కి.మీ. పైగా కావాలి. ఉన్న దారి 113. అంటే పుట్టపర్తిలో చక్రం లేవక ముందే కడపలో దిగడం మొదలవ్వాలి. కారణం కన్నా కార్యమే ముందు గనుక, అప్పయ్య దీక్షితుల కువలయానందం ప్రకారం ఇది అత్యంతాతిశయోక్తి. గంటకు 500 పోయే ఏటీఆర్ లాంటి ప్రొపెల్లర్ విమానమైతే తక్కువ ఎత్తులోనే అరగంటలో చేరగలదు. అప్పుడిది స్వభావోక్తి.

పాఠాంతరములు: కదిరి, పులివెందుల మీదుగా "మూడు గంటలు, అటూ ఇటూ" అని బస్సు పాఠం. అనంతపురం పాఠంలో "ఎయిర్‌పోర్టు" అంటే 2008లో దేవనహళ్లిలో వచ్చిన బెంగళూరు విమానాశ్రయం. 44వ జాతీయ రహదారి మీద, కొడికొండ చెక్‌పోస్టు దాటి, కర్ణాటకలో ఉంది. విమానం ఎక్కడానికి వెళ్లే ఆ దూరం మూలంలోని విమానదూరం కన్నా ఎక్కువ.

విశేషము: హైదరాబాదు, బెంగళూరు మధ్య విమానాలు ఈ సీమ మీదుగానే పోతాయి. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా నమ్మకం లేని నేల ఇది. చెనిక్కాయ చేలో కలుపు తీసేవాళ్లు తలెత్తితే విమానమూ మబ్బూ రెండూ కనిపిస్తాయి. రెండింటికీ ఇక్కడ స్టాపు లేదు.

తాత్పర్యము: దగ్గరైనంత మాత్రాన విమానం రాదు. చిన్న ఊళ్లను కలపడానికి వచ్చిన ఉడాన్ పథకంలో 2017 ఏప్రిల్ 27న మొదలైన తొలి సర్వీసుల్లో కడపది ఒకటి. అది పోయింది హైదరాబాదుకు. మన చిన్న విమానాశ్రయాల చూపు మహానగరం మీదే గాని పక్క ఊరి మీద కాదు. అందులో తప్పూ లేదు. విమానానికి రెండు గంటలు ముందు రమ్మంటారు. ఆ వేళకు బస్సు పులివెందుల చేరి ఉంటుంది.

ఫలశ్రుతి: ఈ టీక పఠించినవారు 38 నిమిషములను కోరక, కదిరి బస్సులో కిటికీ సీటుకు తువ్వాలు వేసుకొందురు గాక!