సమీకృత పాఠ్య ప్రణాళిక: ఒంటికి చెమట పట్టకుండా ఒక్క మధ్యాహ్నంలో

ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకు సమీకృత పాఠ్య ప్రణాళిక తయారు చేయమని కాంప్లెక్స్ మీటింగులో చెప్పారా? కంగారు పడకండి. సైన్సు, లెక్కలు, సోషల్, తెలుగు టీచర్లు ఒకే అంశం చుట్టూ పాఠాలు అల్లుకోవాలని వాళ్ల ఉద్దేశం. అల్లిక అక్కర్లేదు, స్పైరల్ బైండింగ్ చాలు. కింద చెప్పినట్టు చేయండి, సాయంత్రం బస్సు కూడా తప్పిపోదు.

1. అంశంగా 'నీరు' పెట్టండి. ఏ సబ్జెక్టుకైనా అతుకుతుంది, బొమ్మలు బోలెడు దొరుకుతాయి. కాదనే అధికారి ఇంకా పుట్టలేదు.

2. టీచర్లను ఒకచోట కూర్చోనివ్వకండి. కూర్చుంటే మాటలు మొదలవుతాయి. సైన్సు మేడమ్‌కు జూలైలో కావాల్సిన నిష్పత్తులు లెక్కల సార్ డిసెంబరులో చెబుతున్నారని బయటపడుతుంది. ఇక పాఠాల వరుస మార్చాలి, టైమ్‌టేబుల్ మార్చాలి, లీజరు పీరియడు పోతుంది. అందుకని వాట్సాప్ గ్రూపులో "ఎవరి ఇయర్ ప్లాన్ వాళ్లు పంపండి" అని ఒక్క మెసేజ్ పెట్టండి. వచ్చినవన్నీ ప్రింటు తీసి, ప్రతిదాని నెత్తిన 'నీరు' అని రాసి కలిపి బైండింగ్ చేయించండి. బైండింగ్ ఎంత గట్టిగా ఉంటే సమీకరణం అంత గట్టిగా ఉన్నట్టు.

3. మొదటి పేజీ విషయంలో మాత్రం పిసినారితనం వద్దు. 1937లో వార్ధాలో గాంధీజీ ముందుకు తెచ్చిన నయీ తాలీమ్‌తో మొదలెట్టండి. చేతిపని చుట్టూ చదువంతా సాగాలన్నారని రెండు వాక్యాలు రాయండి. తర్వాత 2020 జాతీయ విద్యా విధానాన్ని, 2023లో వచ్చిన జాతీయ పాఠ్య ప్రణాళిక చట్రాన్ని వరుసగా దించండి. తనిఖీకి వచ్చినవారు మొదటి పేజీ చూస్తారు, చివరి పేజీలో సంతకం పెడతారు. గాంధీజీ అన్నారు కదా అని పిల్లల చేతికి నిజంగా పని ఇచ్చేరు! పేరు వాడుకోండి, చాలు.

4. ఊరి జోలికి పోకండి. అన్నిటికంటే ముఖ్యమైన చిట్కా ఇదే, రెండుసార్లు చదవండి. మీ బడి నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు ఉందనుకోండి. 'నీరు' అనగానే ఎవడో ఒకడు బోరు నీళ్లు సీసాలో పట్టుకొస్తాడు. ఆ సీసాను గుమ్మం దగ్గరే ఆపండి. లోపలికి వచ్చిందంటే, ఇందులో ఫ్లోరైడ్ ఎంత అని మొదలవుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదని సైన్సు మేడమ్ చెబుతారు, దాంతో ఆరో తరగతివాళ్లకు దశాంశ బిందువు విలువ తెలిసిపోతుంది. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడును తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందించిందని, దాని పేరే 'నల్లగొండ పద్ధతి' అని తెలిస్తే ఇక పట్టలేం. ఒక బిందెకు ఇంత పటికైతే డ్రమ్ముకు ఎంత అని అనుపాతాలు వాళ్లే వేసుకుంటారు. అక్కడితో ఆగుతారా? సాగర్ డ్యాముకు 1955లో పునాది పడి, 1967లో కాలువలకు నీళ్లు వదిలితే, అదే జిల్లాలోని మా ఊరు అన్నేళ్లు బోరు నీళ్లే ఎందుకు తాగిందని సోషల్ సార్‌ను నిలదీస్తారు. తెలుగు పీరియడులో తాతను కూర్చోబెట్టి, ఆయన నడుము ఎప్పటినుంచి వంగిందో అడిగి రాసుకొస్తారు. ఒక్క సీసాతో నాలుగు సబ్జెక్టులూ కలిసిపోయి, మన బైండింగ్ ఖర్చంతా దండగవుతుంది.

5. అయినా ఒక పిల్లాడు లేచి "సార్, మా పళ్ల మీద ఈ గోధుమరంగు చారలేంటి?" అని అడుగుతాడు. సోషల్ పీరియడైతే "అది సైన్సు, మేడమ్‌ను అడుగు" అనండి. మేడమ్ "సిలబస్‌లో లేదు, దవాఖానలో చూపించుకో" అనాలి. తెలుగు సార్ "ముందు ప్రశ్న తప్పుల్లేకుండా రాసుకురా" అనాలి. లెక్కల సార్ "ఎన్ని చారలు?" అంటే చాలు. వారం తిరిగేసరికి వాడు అడగడం మానేస్తాడు. ఒకే ప్రశ్న నాలుగు సబ్జెక్టులు తిరిగింది కాబట్టి దాన్ని సమీకృత కృత్యంగా టీచింగ్ డైరీలో రాసుకోండి.

6. ప్రాజెక్టు కోసం స్టేషనరీ షాపులో థర్మోకోల్ జలచక్రం ఒకటి కొనిపించండి. సైన్సుకు ముందునుంచి, సోషల్‌కు వెనకనుంచి, లెక్కలకు పక్కనుంచి, తెలుగుకు పైనుంచి ఫొటో తీయండి. ఫొటో ఫొటోకూ పిల్లలను మార్చండి, మోడల్‌ను కాదు. ఫార్మేటివ్ మార్కులు నాలుగు చోట్లా పడిపోతాయి.

7. ఈ మూడు తరగతుల మధ్య ఎప్పుడైనా పది రోజులు బ్యాగు లేకుండా గడపాలని, కుమ్మరులు, వడ్రంగులు, తోటమాలుల దగ్గర పని నేర్వాలని 2020 విధానం చెబుతోంది. ఆ పది రోజులు మిగిలిపోయిన సిలబస్‌కు వాడుకోండి. పుస్తకాలు చేతిసంచీలో తెమ్మనండి. చేతిసంచీ బ్యాగు కింద రాదు.

8. స్లిప్ టెస్టుకు ఒకటే ప్రశ్న: 'నీటి ప్రాముఖ్యతను ఐదు వాక్యాల్లో రాయండి.' జవాబు ముందురోజే బోర్డు మీద ఉండాలి, పరీక్ష రోజు చెరపడం మర్చిపోవాలి.

9. సాకులు దగ్గర పెట్టుకోండి. ఆగస్టులో ట్రైనింగ్, సెప్టెంబరులో వానలు, అక్టోబరులో ఎస్ఏ-1 పరీక్షలు, ఎన్నికలుంటే ఎన్నికల డ్యూటీ. ఒకరికి చెప్పిన సాకు మళ్లీ వాళ్లకే చెప్పకూడదు. ఎవరికి ఏది చెప్పారో ఒక చిన్న పుస్తకంలో రాసుకోండి. బడి మొత్తంలో క్రమం తప్పకుండా రాయాల్సిన పుస్తకం ఇదొక్కటే.

10. ఫైలును బీరువా పై అరలో పెట్టి తాళం వేయండి. కొత్తగా వచ్చిన టీచరు ఉత్సాహంగా అడిగితే తాళంచెవి హెచ్ఎం గారి దగ్గర ఉందనండి. హెచ్ఎం గారు అడిగితే అటెండరు దగ్గర ఉందనండి. అట్ట మీద విద్యాసంవత్సరాన్ని పెన్సిలుతోనే రాయండి. జూన్‌లో రబ్బరు ఒక్కటి ఉంటే పని అయిపోతుంది.