శ్వేతరేఖా ప్రకాశిక (టీకాతాత్పర్యసహితము)

మూలము

"తమ్ముడూ లోగో బాగుంది గానీ చుట్టూ తెల్ల గీత వస్తోంది కొంచెం చూడు"

అవతారిక

మిఠాయి దుకాణపు యజమాని యొకడు తన వెబ్‌సైటు నిమిత్తము చేయించుకొన్న ఎఱ్ఱని గుండ్రని లోగోను ముదురాకుపచ్చ బ్యాక్‌గ్రౌండు మీద నిలిపి చూచుకొని, రాత్రి పదునొకండు గంటలు దాటిన పిమ్మట డిజైనరునకు వాట్సాప్‌లో పంపిన వాక్యమిది. కవులు నిరంకుశులు గనుక విరామచిహ్నములు లేవు.

ప్రతిపదార్థము

తమ్ముడూ = బిల్లు అడుగుటకు మొగమాటపడు ఓ చిన్నవాడా; లోగో = మూడు మార్లు మార్పించిన ఆ గుర్తు; బాగుంది = ఇంపుగా నున్నది; గానీ = అంతమాత్రమున సంతోషింపకుము; చుట్టూ = అంచు పొడవునను; తెల్ల గీత = ఒక్క పిక్సెల్ మందము గల ధవళరేఖ; వస్తోంది = కనబడుచున్నది; కొంచెం = మిక్కిలి; చూడు = తెల్లవారునప్పటికి సరిచేయుము.

తాత్పర్యము

ఈ వాక్యమునకు ప్రాణము "వస్తోంది" అను క్రియ. దానిని వాచ్యార్థమున గ్రహించి, గీత యెక్కడనుండియో వచ్చి చేరినదని తలచి, ఫైలును మరల మరల ఎక్స్‌పోర్ట్ చేయువారు కలరు, వారు పొరబడిరి. ఏలయన, పిక్సెళ్లు చదరపు గడులు. గడులతో గుండ్రని యంచు తీర్చబోయిన మెట్లు మెట్లుగా తేలును గనుక, ఆ రంపపుపండ్లను కప్పిపుచ్చుటకై సాఫ్ట్‌వేరు అంచునందలి ప్రతి పిక్సెలునందును లోపలి రంగును వెలుపలి రంగును తగుపాళ్లలో కలిపి పూయును. దీనికే యాంటీ ఏలియాసింగ్ అని పేరు. తెల్లని కాన్వాసు మీద గీచిన ఎఱ్ఱని వృత్తమునకు ఆ విధముగా లేతగులాబి యంచు ఏర్పడును. పిమ్మట మ్యాజిక్ వాండుతో తెల్లదనమునెల్ల తుడిచివేసినను, తెలుపును కడుపున దాచుకొన్న ఆ గులాబి పిక్సెళ్లు మిగిలియేయుండి, తెల్లని పేజీ మీద నున్నంతకాలము ఎవరికంటను పడక, ముదురాకుపచ్చ మీద కాలిడినతోడనే తమ పుట్టినింటి సంగతి బయటపెట్టును. కావున "వస్తోంది" అనుచోట "పోలేదు" అను పాఠాంతరమును గ్రహించుట మేలు.

విశేషములు

1987లో పుట్టిన జిఫ్‌నకు పారదర్శకత 1989 నాటి కూర్పున అబ్బినది. అందు పిక్సెల్ పూర్తిగా నుండుటయో పూర్తిగా లేకుండుటయో తప్ప నడిమితరము లేదు. అందుచేత ఆ కాలపువారు వెబ్‌పేజీ రంగును ముందే తెలిసికొని "మ్యాట్" అను పెట్టెలో నింపి, అంచును ఆ రంగుతోనే కలుపుకొనెడివారు. పేజీ రంగు మారెనా, చేసిన పనియంతయు మొదటికి వచ్చెడిది. 1996లో పిఎన్‌జి వెలువడి, ఎనిమిది బిట్ల ఆల్ఫాతో 256 మెట్ల పారదర్శకతను ప్రసాదించినను, 2001 నాటి ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6 దానిని మన్నింపక బూడిదరంగు పులిమి చూపినందున, డిజైనర్లు చాలకాలము పాతదారినే పట్టుకొనియుండిరి.

"చుట్టూ" అనుట యతిశయోక్తి కావచ్చును. గీత కుడివైపుననో అడుగుననో మాత్రమే యున్నను చుట్టూ అనుట యజమానులకు వాడుక. స్క్రీన్‌షాటు తెప్పించుకొనక నమ్మరాదు. ఒక ప్రక్కనే యున్నచో దోషము వేఱు. ఆర్ట్‌బోర్డు వెడల్పు 300.4 పిక్సెళ్లున్నచో ఫైలున పిక్సెలునకు ముక్కలుండవు గనుక అది 301గా మారి, కడపటి వరుస సగము నిండి సగము నిండక గీతయై నిలుచును. వెడల్పు, ఎత్తు, స్థానము మూడింటిని పూర్ణసంఖ్యలు చేసిన చాలును.

చుట్టూ యున్నది నిజమైనచో, మూలపు వెక్టరు ఫైలునకు మరలి, తెల్లని లేయరును దాచి, పారదర్శకముగా పిఎన్‌జి తీయవలయును. ఆ ఫైలు దొరకనివారికి (దొరకకుండుటయే లోకరీతి) ఫోటోషాప్‌లోని లేయర్ మెనూలో మ్యాటింగ్ కింద "రిమూవ్ వైట్ మ్యాట్", "డీఫ్రింజ్" అను రెండు మందులున్నవి. రెండవదానిని ఒక పిక్సెల్ మోతాదు దాటనీయరాదు, దాటిన లోగో అంచే అరుగును.

ఉత్తరమూలము

"తమ్ముడూ గీత పోయింది ఇప్పుడు డబ్బా వచ్చింది"

టీక: ఇచట "వచ్చింది" వాచ్యార్థముననే గ్రాహ్యము. సరిచేసిన పిఎన్‌జిని డిజైనరు వాట్సాప్‌లో డాక్యుమెంటుగా గాక ఫోటోగా పంపెను. వాట్సాప్ దానిని జెపెగ్ చేసెను. జెపెగ్ పారదర్శకత నెఱుగదు గనుక ఖాళీయున్నచోటనెల్ల ఏదో యొక రంగు నింపక తప్పలేదు.