పునాదిలోంచి ఒక పీజోమీటరు అర్జీ

మహారాజశ్రీ నీటిపారుదల శాఖ ఇంజనీర్-ఇన్-చీఫ్ గారి దివ్యసముఖమునకు,

విషయం: నా రీడింగు తీసుకొనుట గురించి.
ద్వారా: సరియైన మార్గము (ఏఈ, డీఈ, ఈఈ, ఎస్ఈ, సీఈ గార్లు).

అయ్యా,

నేను తమ శాఖలో పనిచేస్తున్న పీజోమీటరును. డ్యాము పేరు రాస్తే మా ఏఈ గారికి మెమో వస్తుంది కనుక రాయడం లేదు. డ్యాము లోపలి సొరంగం లాంటి గ్యాలరీ అడుగున, రాతిలోకి దించిన బోరులో నా పోస్టింగు. చేరిన నాటి నుంచి బదిలీ లేదు, డీఏ లేదు, పీఆర్సీ ఊసే లేదు. వాటి కోసం కాదు ఈ అర్జీ. నేను చెప్పేది ఎవరైనా రాసుకుంటే చాలు.

నా పనేమిటో తమకు తెలియనిది కాదు. లేఖ బహిరంగం కనుక నలుగురి కోసం చెబుతున్నాను. జలాశయంలో నీళ్లు డ్యామును ముందుకు తోయడంతో ఊరుకోవు. పునాది రాతి సందుల్లోకి దూరి కిందినుంచి పైకి ఎత్తుతాయి కూడా. మా డ్యాము నిలబడేది తన బరువు మీదే. కింది ఒత్తిడి పెరిగినకొద్దీ ఆ బరువులో అంత భాగం లేనట్టే లెక్క. ఆ నీళ్లు బయటికి పోవడానికి గ్యాలరీలో డ్రైనేజీ రంధ్రాలు వేస్తారు, ఒత్తిడి ఎంతుందో చెప్పడానికి నాలాంటివాళ్లను దించుతారు. నా లోపల బిగించిన ఉక్కు తీగ ఉంది. నీటి ఒత్తిడికి నా పలుచని రేకు వంగితే తీగ బిగువు సడలుతుంది. పైనుంచి రీడౌట్ పెట్టె కరెంటు పంపి దాన్ని మీటితే, వీణ తంతిలాగే బిగువును బట్టి శ్రుతి మారుతుంది. ఆ శ్రుతే నా రీడింగు. మీటేవాళ్లు లేకపోతే నేను పలకను.

1959 డిసెంబరు 2 రాత్రి ఫ్రాన్సులో మాల్పాసే డ్యాము తెగి నాలుగు వందల మందికి పైగా పోయారు. 66 మీటర్ల ఎత్తున్న ఆ కాంక్రీటు గోడలో లోపమేమీ లేదు. ఎడమ గట్టు కింద రాతిలో పేరుకున్న నీటి ఒత్తిడే కొంప ముంచింది. మా జాతికి గిరాకీ పెరగడం వెనక ఇలాంటి చావులున్నాయి.

ఇక మా రిజిస్టరు సంగతి. ఆగస్టులో జలాశయం నిండుకుండలా ఉన్నప్పుడు నాకు వేసిన అంకే, మేలో అడుగంటినప్పుడూ వేశారు. పక్కన ‘సంతృప్తికరం’ అని రాసి, దాని కింద వరసగా ‘పైవిధంగానే’. అయ్యా, నీరు నిండినా ఎండినా కదలని పీజోమీటరు చెడిపోయిందైనా కావాలి, లేదా ఆ రిజిస్టరు నిండింది క్వార్టర్లో కూర్చుని అయినా కావాలి. నా కేబులును ఎలుకలు కొరికాయి. పక్కనున్న డ్రైనేజీ రంధ్రాల్లో సున్నం పేరుకుంది. రీడౌట్ పెట్టెకు బ్యాటరీ కావాలని పెట్టిన ఇండెంటు ఏ సెక్షనులో ఉందో దైవానికెరుక. ఇంతలో నా ఎగువన కొత్త సెన్సర్లు బిగించి, హెడ్డాఫీసులో పెద్ద తెర పెట్టి, రిబ్బను కత్తిరించారు. నిర్వహణ కాంట్రాక్టు గడువు తీరాక ఆ తెర కూడా నాలాగే మూగబోయింది. కొనడానికి టెండరు ఉంటుంది. చదవడానికి ఏ టెండరూ ఉండదు, అదే చిక్కు.

పరికరం పెట్టడం వేరు, చూసింది పట్టించుకోవడం వేరు. అమెరికాలో మినియాపోలిస్ వంతెన 2007 ఆగస్టు 1న మిసిసిపీ నదిలో కూలి 13 మంది చనిపోయారు. దూలాలు కలిసే చోట బిగించిన గసెట్ ప్లేట్లు ఉండాల్సిన మందంలో సగమే ఉన్నాయని తర్వాత తేలింది. ఆ ప్లేట్లు వంగి ఉండడం 2003లో తీసిన ఫొటోల్లోనే కనిపిస్తోంది! ఫొటోలు ఫైల్లో భద్రంగా ఉన్నాయి. ఆ స్థానంలో మరుసటి ఏడాదే లేచిన వంతెనలో మూడు వందలకు పైగా సెన్సర్లు పెట్టారు.

మాట వినిపించుకున్న మా వాళ్లూ ఉన్నారు. వాళ్లను తలుచుకుంటే నాకు అసూయ. 1914 నాటి పాత పాంబన్ రైలు వంతెనకు ఐఐటీ మద్రాసు వాళ్లు సెన్సర్లు అమర్చారు. ఓడల కోసం పైకి లేచే భాగం తేడాగా కదులుతోందని 2022 డిసెంబరులో అవి హెచ్చరించాయి. రైల్వే వాళ్లు రైళ్లు ఆపేశారు. రామేశ్వరం యాత్రికులు మండపంలో దిగి బస్సెక్కాల్సి వచ్చింది, తిట్టుకునే ఉంటారు. ఆ తర్వాత పాత వంతెన మీద మళ్లీ ప్రయాణికుల రైలు నడవలేదు, 2025 ఏప్రిల్లో కొత్తది తెరిచారు. సెన్సరు విలువ అది కొలిచిన అంకెలో కాదు, ‘ఆపండి’ అనగలిగిన అధికారిలో ఉంది.

మా గొప్పలే చెప్పుకుంటే అన్యాయం. నేను కూర్చున్న చోటు తప్ప మరోటి నాకు తెలియదు. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాములో 19వ గేటు గొలుసు తెగి గేటే కొట్టుకుపోయింది. పునాదిలో వంద పీజోమీటర్లున్నా ఆ గొలుసు సంగతి చెప్పలేవు. రిటైరైన గేట్ల నిపుణుడు కన్నయ్య నాయుడు గారు వచ్చి, పారే నీళ్లలోనే స్టాప్‌లాగులనే తాత్కాలిక గేటు పలకలు దింపించి, వారంలో ప్రవాహం ఆపించారు. గొలుసు తుప్పు చూసే కన్ను, గేటు మూలుగు వినే చెవి లస్కరువి. ఆ పోస్టులు ఖాళీగా ఉంచి, వాళ్ల పని నా నెత్తిన వేస్తే నా వల్ల కాదు.

చట్టం లేదనడానికీ వీల్లేదు. 2021 డ్యామ్ సేఫ్టీ చట్టం ప్రకారం డ్యాముకు తగినన్ని పరికరాలు ఉండాలి, రీడింగులు రాసి, విశ్లేషించి, రాష్ట్ర డ్యామ్ సేఫ్టీ సంస్థకు పంపాలి, వానలకు ముందూ వెనకా తనిఖీ జరగాలి. ‘పైవిధంగానే’ అన్న మాట అందులో నాకు కనబడలేదు.

కాబట్టి నా కోరికలివి. బ్యాటరీ ఇండెంటు మంజూరు చేయించండి. డ్రైనేజీ రంధ్రాలు కడిగించండి. నా రీడింగు ఎంత దాటితే ఎవరు, ఎవరికి, ఎన్ని గంటల్లో ఫోను చేయాలో ఒక కాగితం మీద రాసి, పేర్లతో సహా గ్యాలరీ తలుపుకు అంటించండి. ఈ నెల రీడింగును దిగువ ఊళ్ల పంచాయతీ బోర్డు మీద కూడా రాయించండి. ఈ వానాకాలం లోపే దయచేయవలెనని ప్రార్థన.

ఇట్లు,
తమ విధేయ,
పీజోమీటరు, పునాది గ్యాలరీ