మూతి మూయకండి: డ్రయ్యర్ గొట్టం మీద చెలామణీలో ఉన్న తప్పుడు సలహాలు

"ఆ కన్నం మూసీయమ్మా, ఎలకలొస్తాయి." అండమాన్‌లోని జంగ్లీఘాట్‌లో డ్రయ్యర్ కొన్న ఇంటికి ముందుగా అందే సలహా ఇదే. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వచ్చి చేపల జెట్టీ చుట్టుపక్కల స్థిరపడిన మనవాళ్లకు కన్నం అంటే వాన జల్లు, ఎలుక, పాము. ఆ భయం న్యాయమైనదే. మే మూడో వారానికి నైరుతి దిగుతుంది, ఆ వెనకే ఈశాన్యం అందుకుంటుంది. ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన పడే ఊరిది. బట్టలు ముక్కిపోతాయనే కదా డ్రయ్యర్ కొన్నది! అయినా దాని గొట్టం మూతి మాత్రం మూయకూడదు. ఒక్క వాయి బట్టల్లోంచి లీటరుకు పైగా నీరు ఆవిరై ఆ దారినే పోవాలి. దారి మూస్తే ఆవిరి వెనక్కి తిరుగుతుంది, బట్టలు ఆరవు, యంత్రం వేడెక్కుతుంది.

"అయితే దోమతెర కట్టు" అనేది రెండో సలహా. ఇది మొదటిదానికన్నా చెడ్డది, ఎందుకంటే చూడ్డానికి తెలివిగా ఉంటుంది. బట్టల నుంచి రాలే సన్నని దూదిపీచు ఆ తెరకు పట్టి, నెలల్లోనే మందపాటి పొరగా పేరుకుంటుంది. పొడి పీచు అంటుకోవడానికి ఒక్క నిప్పురవ్వ చాలు. 2008–2010 మధ్య అమెరికాలో ఏటా సుమారు 2,900 ఇళ్లలో డ్రయ్యర్ మంటలు లేచాయని అక్కడి అగ్నిమాపక విభాగం లెక్క కట్టింది. కారణాల్లో ముందున్నది శుభ్రం చేయకపోవడమే. మూతికి కావలసింది తెర కాదు, గాలి తోసినప్పుడు తెరుచుకుని యంత్రం ఆగగానే వాలిపోయే రేకు మూత. దాని మీద కిందికి వంగిన గొడుగు ఉంటే జల్లు కూడా లోపలికి కొట్టదు. వానాకాలంలో ఉప్పుగాలికి ఆ మూత కీలు బిగుసుకుపోతుంది; వేలితో ఎత్తి చూసుకుంటూ ఉండండి.

మూయవలసినవి వేరే ఉన్నాయి. గొట్టానికీ గోడకీ మధ్య సందు సిలికాన్‌తో పూర్తిగా మూయండి. ఎలుకలు దూరేది అక్కడే. అతుకుల మీద డక్ట్ టేప్ వేయమంటారు, వద్దు. ఆ పేరు చూసి మోసపోతాం గానీ, వేడి గాలి గొట్టాల అతుకుల మీద అది జిగురు వదిలేస్తుందని 1998లో కాలిఫోర్నియాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాల పరీక్షించి తేల్చింది. అల్యూమినియం ఫాయిల్ టేప్ వాడండి. మరలు బిగించడం ఇంకా తప్పు: మొనలు లోపలికి పొడుచుకొచ్చి పీచును పట్టేస్తాయి. పైగా అల్యూమినియం గొట్టానికి ఇనుప మర వేస్తే సముద్రపు తేమలో రెండు లోహాల మధ్య చిలుము మొదలవుతుంది.

ముడతల ప్లాస్టిక్ గొట్టం చవకని తెచ్చుకోవద్దు. అది కాలుతుంది, ప్రతి ముడతలోనూ పీచు దాస్తుంది. నున్నని, గట్టి లోహపు గొట్టం, వీలైనంత పొట్టిగా, వంపులు తక్కువగా వేయించండి.

"గొట్టం ఎందుకు, ఇంట్లోకే వదిలేయ్" అనేవాళ్లూ ఉన్నారు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఏమో గానీ, జూలైలో అలా చేస్తే గోడలు చెమర్చి బూజు పడతాయి. గోడకు కన్నం పెట్టడానికి అద్దె ఇంటి యజమాని ఒప్పుకోకపోతే, నీటిని తొట్టెలోకి దించే కండెన్సర్ డ్రయ్యర్ కొనుక్కోవడం మేలు.

ఇంకొకటి. డ్రయ్యర్ గదిలోని గాలినే లోపలికి పీలుస్తుంది. జెట్టీ వైపు కిటికీ తెరిచి పెట్టి తిప్పితే ఆ చేపల వాసనంతా పిల్లల స్కూలు బట్టలకు పట్టేస్తుంది.

పీచు జల్లెడ ప్రతి వాయికీ తీసి తుడవండి, వారానికోసారి కాదు. గొట్టం మాత్రం మే వానలకు ముందొకసారి, డిసెంబరు తర్వాత ఒకసారి పొడవాటి బ్రష్‌తో తోమించండి. తోమే ముందు ప్లగ్గు పీకేయండి. బట్టలు ఆరడానికి మామూలుకన్నా ఎక్కువసేపు పడుతున్నా, మాడు వాసన వచ్చినా తోమే రోజు కోసం ఆగకండి, అప్పుడే ఆపేయండి. డ్రయ్యర్ తిరుగుతుండగా తాళం వేసి బజారుకు వెళ్లకండి, నిద్రపోకండి.